వరుసలో ఆగిన ఉత్తరం

పోయిన నెలలో కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్తూ, దోర్నాల దాటి బస్సు నల్లమల ఘాటు ఎక్కుతుండగా, నాకు బస్సు దొరికిందని మా చెల్లెలికి ఫోనులో ఒక ముక్క పంపాను. అడవిలో సిగ్నల్ లేదు కాబట్టి ఆ ముక్క పక్కన చిన్న గడియారం గుర్తు వచ్చి అక్కడే నిలబడిపోయింది. అందులో కంగారు పడాల్సింది ఏమీ లేకపోయినా ఆ గుర్తు మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. పంపినవాళ్లు పోయిందనుకుంటారు, అందాల్సినవాళ్లకు అందదు, మధ్యలో ఎక్కడో అది ఆగి ఉంటుంది. ఆ మధ్య చోటును రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కొన్నేళ్లపాటు కాపలా కాసినదాన్ని నేను.

కల్లూరులో ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్లో లినక్సు నేర్చుకుని నేను ఖాళీగా ఉన్నప్పుడు, కడప జిల్లాలో ఒక ముగ్గురాయి గనికి మేనేజరుగా ఉన్న మా చిన్నాయన నన్ను పిలిపించి అక్కడ ఉద్యోగంలో పెట్టాడు. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది ఆయనే. గని ఆఫీసులో వెనక గది నాది. ఒక కూలరు, ఒక కుర్చీ, ఎప్పుడూ గుయ్యిమనే ఒక పెట్టె. ఆ పెట్టే మా మెయిల్ సర్వరు, ఆఫీసు ఈమెయిలు ఉత్తరాలన్నీ దాని గుండానే పోవాలి. ముగ్గురాయి పొడి ఎంత తుడిచినా కీబోర్డు సందుల్లోకి దిగేది, సాయంత్రానికి నా చేతివేళ్లు ముగ్గు పెట్టి లేచినట్టే ఉండేవి. మీలో ఆ పని చేసినవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బొమ్మలు, బటన్లు ఏమీ లేవు. నల్లటి తెర మీద మెయిల్‌క్యూ అని కొడితే, బయటికి పోవాల్సిన ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి, ఎవరు రాశారు, ఎవరికి, ఎందుకు ఆగింది అని వరుసగా కనిపించేవి. ఎవరి ఉత్తరమైనా తెరిచి చదివే అధికారం నాకు ఉండేది, చదవకూడదన్న నియమం నాకు నేనే పెట్టుకున్నాను.

అది ఎండాకాలం చివర. రోడ్డు వెడల్పు పనిలో ఎవరో తవ్వి కేబులు తెంపారు, దాంతో ఇంటర్నెట్టూ ఫోన్లూ ఒక్కసారే పోయాయి. గని దగ్గర అప్పటికి సెల్లుకు సిగ్నల్ లేదు. పొద్దున్నుంచీ నా వరుసలో ఉత్తరాలు పేరుకుంటూనే ఉన్నాయి. పదకొండున్నర ప్రాంతంలో చిన్నాయన లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. ఆయన నా గదికి రావడమే అరుదు, తలుపు వేయడం అదే మొదటిసారి.

సంగతి ఏమిటంటే, మా ఫోర్‌మన్, కూలీలందరూ మామ అని పిలిచే పెద్దమనిషి, ఆ పొద్దున హైదరాబాదు హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం రాసి చిన్నాయనకూ ఒక ప్రతి పెట్టాడు. చిన్నాయన మెయిల్‌బాక్సు మా సర్వరులోనే ఉండేది కాబట్టి లైను లేకపోయినా వెంటనే ఆయనకు చేరింది. హైదరాబాదు ప్రతి నా వరుసలో ఆగింది. మెట్లు మెట్లుగా తవ్విన గనిలో తూర్పు మెట్టు పైన పగులు పట్టిందనీ, దాని కింద పని ఆపమనీ అందులో ఉందట.

"ఇంతకుముందు రెండుసార్లు ఇట్లనే భయపెట్టినాడు పాపా, ఏమీ కాలే. చెన్నైలో ఓడ కాచుకోనుండాది. ఇది హైదరాబాదుకు పోతే నెల దినాలు గని మూస్తారు. లైను వచ్చే లోపల తీసేయి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేదేమో. అడిగినవాడు చిన్నాయన, నేను కూర్చున్న కుర్చీ ఆయన ఇప్పించింది.

తీసేయడానికి తెర మీద ఒక్క ఆదేశం కొడితే చాలు. ఉత్తరం నంబరుకు ముందు డి అని పెడితే అది శాశ్వతంగా పోతుంది. హెచ్ అని పెడితే పోదు, మళ్లీ విడిచేదాకా కదలకుండా పక్కన ఆగి ఉంటుంది. నేను హెచ్ కొట్టాను. ఆగి ఉందని తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని ఆయన కళ్లజోడు సర్దుకునేలోగా తుడిచేసి, "తీసేసినా చిన్నాయనా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూలరు ముందు కూర్చుని వరుసలో ఆ ఉత్తరం నంబరునే చూస్తుండిపోయాను. చివరికి నా నియమాన్ని నేనే తప్పి ఆ ఉత్తరాన్ని తెరిచాను. అప్పట్లో మా కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు లేవు, మామకు ఇంగ్లీషు అంతగా రాదు, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశాడు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివాను. మొన్న పగుల్లో నాలుగు వేళ్లు పట్టాయి, ఈ పొద్దు చెయ్యి మణికట్టు దాకా పోయింది అని రాశాడు. రెండు గంటల షిఫ్టుకు ఆ మెట్టు కింద దిగబోయే పదకొండు మంది పేర్లు రాశాడు. ఆఖర్న, మీ జవాబు కోసం చూస్తుంటాను అని ఉంది.

ఉత్తరాన్ని విడిచిపెట్టాను. వెంటనే పంపమని సర్వరును తరిమాను కూడా. ఒక నిమిషం ఆలోచించి అది అవతలివైపు పలకడం లేదని చెప్పింది. మళ్లీ తరిమాను, మళ్లీ అదే మాట. గోడ గడియారం ఒంటిగంటా పది దాటింది. అప్పుడు నాకు తట్టింది, మామ కంప్యూటర్లో మాత్రం ఉత్తరం పోయినట్టే చూపించి ఉంటుంది. లైను పోయిన సంగతి తెలియక, డబ్బాలో వేసిన ఉత్తరం ఊరు చేరినట్టే అని ఆయన నమ్మి ఉంటాడు.

ఆ ఎండలో చెప్పులు కాలుతుండగా గని దాకా నడిచాను. బండ్లు గుంతలోకి దిగే దారి మొదట్లో రేకుల షెడ్డు ఉంది, అందులో షిఫ్టు కూలీలు సద్ది విప్పుకుని తింటున్నారు. మామ బయట నిలబడి ఆఫీసు వైపే చూస్తున్నాడు. నన్ను చూడగానే, "ఏం పాపా, హైదరాబాదు నుంచి ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు.

"మీ ఉత్తరం పోలేదు మామా. లైను లేదు. పొద్దున్నుంచీ నా దగ్గరే ఉండాది."

ఆయన ఆఫీసు మీది నుంచి చూపు తిప్పి గుంత వైపు చూశాడు. తర్వాత, తనలో తాను చెప్పుకున్నట్టు, "జవాబు రాకపాయ గదా, వాళ్లు పని కానీమన్నట్టే అనుకుంటి. దింపుదామనే ఉంటి" అన్నాడు. నడిచి వెళ్లి దారికి అడ్డంగా ఒక రాయి మీద కూర్చున్నాడు. షెడ్డులోని వాళ్లు తినడం ఆపి ఆయన్నే చూశారు.

రెండు గంటలకు ఎవరూ దిగలేదని తెలిసి చిన్నాయన జీపులో వచ్చాడు. మామతో మాట్లాడబోయి, పక్కన నన్ను చూసి ఆగిపోయాడు. నేను ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన నా ముఖం వైపు చూసిన ఆ చూపును ఇన్నేళ్లయినా నేను ఎక్కడా దించుకోలేకపోయాను.

మామ లేచి, "ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్. చూసి దింపమంటే దింపుతా" అన్నాడు. ఇద్దరూ తూర్పు మెట్టు పైకి ఎక్కారు. కింద నుంచి చూస్తున్న మాకు చిన్నాయన తెల్ల చొక్కా ఒకచోట వంగడం, చాలాసేపు అట్లాగే ఉండడం కనిపించింది. ఆయన దిగి వచ్చేటప్పటికి చొక్కా కుడి చెయ్యి మోచేతి దాకా పొడి అంటుకుని ఉంది. ఎవరి వైపూ చూడకుండా, "అందరూ యార్డులో లోడింగుకు పోండప్పా" అని చెప్పి జీపెక్కాడు.

మర్నాడు పొద్దున లైను వచ్చింది. వరుసలోని ఉత్తరాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే చూస్తూ కూర్చున్నాను, మామ ఉత్తరం మూడోదిగా వెళ్లింది. ఐదో రోజు ఒక జల్లు పడి తూర్పు మెట్టు సగం కూలింది. కింద ఎవరో మరిచిపోయిన రెండు తట్టలు తప్ప ఏమీ లేవు. హైదరాబాదు వాళ్లు వచ్చారు, గని మూశారు, ఓడ వేరేవాళ్ల సరుకుతో పోయింది. చిన్నాయనను వేరే చోటికి మార్చారు.

ఆయన వెళ్లే ముందు రోజు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "నేను అడిగింది తప్పే. కానీ నాతో వద్దని చెప్పింటే సరిపోయేది గదా పాపా. తీసేసినా అని ఎందుకు చెప్తివి?" అన్నాడు. నేను కీబోర్డు సందుల్లోని పొడి తుడుస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో కలిసినప్పుడు బాగా మాట్లాడేవాడు, కానీ ఏ పనీ నాకు చెప్పేవాడు కాదు.

ఇప్పుడు సర్వరు ఏ దేశంలో ఉందో, దాని వరుసను ఎవరు చూస్తున్నారో కూడా మనకు తెలియదు. వెనక గదిలో కూర్చుని, ఈ ఉత్తరం పోనీయాలా ఆపాలా అని తేల్చుకోవాల్సిన మనిషి అవసరం తీరిపోయింది, అది మంచిదే. కాకపోతే, పెద్దవాళ్ల ముఖం మీద వద్దని చెప్పలేక యంత్రం చాటున దాక్కునే అలవాటు మాత్రం ఆ గదితో పోలేదు, పెరిగింది. చిన్నాయన ఎదుట నిలబడి ఆ ఒక్క మాట అనగలిగే ధైర్యం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది, వినడానికి అప్పటికి ఆయన లేడు.