ఫిరోజా నీళ్ల దీవిలో నా ఉపవాసం

మా పాతబస్తీలో ఒకప్పుడు ఆకలేసిన మనిషిని పోల్చుకోవడం చాలా కష్టంగా ఉండేది. ఎవరింటికి వెళ్లినా, కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా సరే, వాళ్లు తినమన్న వెంటనే "వద్దొద్దు, ఇప్పుడే తిని వచ్చిన" అనాలి. వాళ్లు మళ్లీ అడగాలి, మనం ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ వద్దనాలి. మూడోసారికి వాళ్లు కోపం నటిస్తూ మన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి, మనం వాళ్లకేదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి పళ్లెం ముందుకు లాక్కోవాలి. దీన్ని ఉర్దూలో తకల్లుఫ్ అంటారు, మా అమ్మ మర్యాద అనేది. పురానాపూల్ దగ్గర గల్లీలో మా ఇల్లూ, నేను ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటావిడ ఇల్లూ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. పండుగలు వేరు, వంటలు వేరు గానీ ఈ విషయంలో రెండిళ్లదీ ఒకటే శాస్త్రం. మొదటిసారికే ఒప్పుకున్నవాడు తిండిపోతు, రెండోసారికి ఒప్పుకున్నవాడు పెంపకం సరిగ్గా లేనివాడు. నేను మంచి పెంపకంలో పెరిగినవాణ్ణి. ఆ పెంపకమే నన్నొకసారి సముద్రం నడిమధ్యలో చంపినంత పని చేసింది.

అది డెబ్బైల నాటి మాట. డీజిల్ జనరేటర్లు తయారు చేసే ఒక సర్కారీ ఫ్యాక్టరీలో నేను కొత్తగా ఫిట్టర్‌గా చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. లక్షద్వీపాల్లో ఒక చిన్న దీవికి మా జనరేటర్ ఒకటి సరుకుల పడవ మీద వెళ్లింది, దాన్ని బిగించి నడిపించి రావడానికి ఒక మనిషి కావాలి. ఓడ ప్రయాణం అనేసరికి సీనియర్లందరికీ ఇళ్లల్లో పెళ్లిళ్లూ నడుం నొప్పులూ వచ్చాయి. మా ఫోర్‌మన్ చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. "ఇంజన్ నడవాలె, బల్బు వెలగాలె, గప్పుడు వాపస్ రా. గది కాకుంటే నీ పర్మనెంటు సంగతి మర్సిపో" అన్నాడు. ఇంట్లో ఈ మాట చెప్పగానే అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. బాపు మాత్రం పర్మనెంటు అన్న ఒక్క మాటే విని నా ట్రంకుపెట్టె దులిపాడు. బయల్దేరేనాడు అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఒక డబ్బా నిండా సకినాలు సర్ది, గడప దగ్గర నా చెవిలో చెప్పింది: "బిడ్డా, ఆడ ఎవలన్న పెడ్తె ఎగబడకు. మన ఇజ్జత్ తియ్యకు."

రైలు బాగానే ఉంది. కొచ్చిన్‌లో ఓడెక్కిన తర్వాత నా కథ మారింది. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లు మూసీలోవే, అవీ వానాకాలంలో నాలుగు రోజులు. ఓడ కదిలిన కాసేపటికే కొచ్చిన్‌లో తిన్నదీ, అంతకుముందు రైల్లో తిన్నదీ, గుర్తున్నంతవరకు ఫ్యాక్టరీ క్యాంటీన్లో తిన్నదీ అన్నీ సముద్రానికి సమర్పించుకున్నాను. (పక్కనున్న ఆసామి ఒకాయన నిమ్మకాయ ఇవ్వబోతే వద్దన్నాను. అప్పుడు కూడా మర్యాద మరిచిపోలేదని గమనించాలి.) తెల్లవారాక ఓడ దూరంగా ఆగింది. చిన్న పడవలోకి దించి, పగడపు దిబ్బల మధ్య సందులోంచి లోపలికి తీసుకెళ్లారు. అప్పుడు చూశాను. మా చార్మినార్ దగ్గర ఉంగరాల దుకాణాల్లో ఫిరోజా రాయి అమ్ముతారు కదా, నీళ్లన్నీ ఆ నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. అలలు బయటే ఆగిపోయాయి, లోపల నీరు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. అవతల తెల్లటి ఇసుక, దాని మీద కొబ్బరిచెట్లు. పర్మనెంటూ ఫోర్‌మనూ అన్నీ మరిచిపోయి నోరు తెరుచుకుని కూర్చున్నాను. అంత అందం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ అందమే నా కొంప ముంచింది. నీటి అడుగున ఇసుకా చేపలూ గవ్వలూ ఒక్కొక్కటే లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. మూసీ లెక్క ప్రకారం అడుగు కనిపించిందంటే మోకాలి లోతు. ఒడ్డు ఇంకా కాస్త దూరం ఉండగానే, తడబడుతూ దిగితే పరువు పోతుందని, బూట్లు ఒక చేత్తో, సంచీ ఒక చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి హుందాగా పడవలోంచి అడుగు బయట పెట్టాను. నీళ్లు మెడదాకా వచ్చాయి. పడవవాళ్లు నన్ను చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగారు. బూట్లు దక్కాయి, ట్రంకుపెట్టె, పనిముట్ల పెట్టె పడవలోనే ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. సంచీలో ఉన్న సకినాల డబ్బాలోకి మాత్రం ఉప్పునీళ్లు పోయి అమ్మ శ్రమంతా పిండి ముద్దయింది.

ఒడ్డున నాకు ఎదురొచ్చింది దీవి బడి మాస్టారు. అక్కడి భాష మలయాళం లాంటిది, నాకొక్క ముక్క రాదు. మాస్టారికి పుస్తకాల హిందీ వచ్చు, నాది పాతబస్తీ హిందీ, రెండూ కలిసి ఎలాగో ఒక భాష అయ్యేది. ఆయన నన్ను జనరేటర్ షెడ్డు పక్కనే ఉన్న ఇంట్లో దింపాడు. ఆ ఇంటి పెద్ద ఒక ముసలావిడ. అక్కడ తల్లిని ఉమ్మ అంటారట, దీవిలో అందరూ ఆమెను ఉమ్మ అనే పిలిచేవారు. నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి చేపల కూర, కొబ్బరి వేసిన అన్నం తెచ్చి ముందు పెట్టారు. ఓడలో ఖాళీ అయిన కడుపు ఆ వాసనకు ఒక్కసారి లేచి నిలబడింది. మాస్టారు తినమన్నాడు. నేను చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, తల కాస్త వంచి, మా గల్లీ గర్వపడేలా అన్నాను: "నక్కో మాస్టర్‌సాబ్, అభీచ్ ఖాకే ఆయా." వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను అని. అని, రెండోసారి కోసం ఎదురుచూశాను. మాస్టారు ఉమ్మకు ఏదో చెప్పాడు. ఆమె నా మొహం వంక ఒక్క క్షణం చూసి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. సాయంత్రం చాయ్ తెచ్చారు, నక్కో అన్నాను, చాయ్ వెళ్లిపోయింది. రాత్రి రొట్టెలు తెచ్చారు, ఈసారి నక్కోని వీలైనంత బలహీనంగా, సగం మింగి అన్నాను. అయినా వాళ్లకు వినపడింది. మర్నాడు పొద్దున మాస్టారు వచ్చి ఎంతో గౌరవంగా అసలు సంగతి చెప్పాడు. ఆ ఓడ దిగిన వాళ్లెవరూ ఇప్పుడే తిని వచ్చామని చెప్పలేరట, ఆ ఓడ సంగతి దీవిలో అందరికీ తెలుసు. అలాంటిది నేను ముద్ద ముట్టలేదంటే ఏదో మొక్కు మీద ఉన్నానని అర్థం చేసుకున్నారట. మంచి పని పూర్తయ్యేవరకు ఉపవాసం ఉండే పెద్దవాళ్లు వాళ్లలోనూ ఉన్నారట. "మీరు ఫికర్ చెయ్యకండి, ఇంటింటికీ చెప్పాను. జనరేటర్ నడిచేదాకా మిమ్మల్ని ఎవరూ తినమని ఇబ్బంది పెట్టరు" అన్నాడు. అప్పుడే సరిదిద్దవచ్చు కదా అని మీరడగవచ్చు. ఏమని సరిదిద్దడం? "మాస్టారూ, మొక్కు లేదు గిక్కు లేదు, ఇంకో రెండుసార్లు అడగండి" అనాలా? ఆకలి అవుతోందని పరాయి ఇంట్లో నోరు తెరిచి చెప్పడం కంటే మా గల్లీలో చావు నయం.

ఆ రోజంతా దీవి నన్ను కంటికి రెప్పలా కాపాడింది. నేను షెడ్డులో నట్లు బిగిస్తుంటే కిటికీలోంచి చూసే పిల్లలు తింటున్న కొబ్బరిముక్కలు వెనక దాచుకునేవాళ్లు. ఒక పిల్లాడు మరిచిపోయి నా ఎదుట నములుతుంటే అక్క వాడి నెత్తిన ఒకటి వేసింది. నేను చూస్తున్నానని చేపలు కాల్చే ఆవిడ పొయ్యిని గాలివాటానికి అవతలికి మార్చుకుంది (వాసన మాత్రం మారలేదు). అందరూ నాకు దారి వదిలి, ఒకడుగు వెనక్కి తగ్గి నమస్కారాలు పెట్టారు. జీవితంలో నాకంత గౌరవం మళ్లీ దక్కలేదు, కానీ ఆ పూట దాన్నంతా ఒక రొట్టెకు ఇచ్చేసేవాణ్ణి. బావి నీళ్లు మాత్రం తాగనిచ్చారు. అవి కాస్త ఉప్పగా ఉంటే, అందులోనే కూర రుచి వెతుక్కున్నాను.

సాయంత్రానికి బిగింపు పూర్తయింది. దీవి దీవంతా షెడ్డు ముందు చేరింది. అది చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే ఇంజన్. కొత్త ఇంజన్‌ను మొదటిసారి ఫిట్టరే తిప్పాలి, లోపల ఎక్కడ పట్టేస్తోందో వాడి చేతికే తెలియాలి అనేది మా ఫోర్‌మన్ పద్ధతి. హ్యాండిల్ పట్టుకున్నాను. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో కొబ్బరిచెట్లు తిరగడం మొదలుపెట్టాయి. ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ పట్టాను. ఈసారి హ్యాండిల్ కదలలేదు, నేనే దాని చుట్టూ తిరిగి ఇసుకలో కూలబడ్డాను. నా కళ్ల ముందు ఫోర్‌మన్ కనిపించాడు, పర్మనెంటు కాగితం చింపుతూ. ఇంజన్ నడవకుండా తిరిగి ఓడెక్కితే బాపు మొహం ఎలా చూడాలో తెలియలేదు, ఏడుపొచ్చింది. మాస్టారు నా పక్కన వంగి, ఇదంతా మొక్కు మహిమా అన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఉమ్మ వచ్చింది. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసి, వెనక్కి తిరిగి ఏదో అంది. ఒక్కసారిగా అందరూ నవ్వారు. ఆమె ఇంట్లోకి వెళ్లి అన్నం, చేపల కూర పళ్లెంలో తెచ్చింది. నన్నేమీ అడగలేదు. నా ముందు ఇసుకలో పెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుని అన్నంలో పెట్టింది. అలవాటు కొద్దీ నా నోరు నక్కో అనడానికి తెరుచుకుంది గానీ, ఈలోపు చెయ్యి తన పని తాను చేసేసుకుంది. ఎన్ని ముద్దలు తిన్నానో తెలియదు. ఆ చేపల కూర కారం లేక చప్పగా ఉందని తర్వాతి రోజుల్లో తెలిసింది, ఆ సాయంత్రం మాత్రం అంతకు మించిన కూర లేదు. కాస్త ఊపిరాడాక, ఆమె ఏమందని మాస్టారిని అడిగాను. ఆయన నవ్వాపుకుంటూ చెప్పాడు: "మొక్కూ లేదు, ఏమీ లేదు. నాకు ముగ్గురు అల్లుళ్లు. కొత్తలో వాళ్లూ ఇలాగే వద్దనేవాళ్లు, మొహం మాత్రం ఇలాగే ఉండేది. ఇలాంటివాణ్ణి అడక్కూడదు, పెట్టెయ్యాలి, అంటోంది."

పళ్లెం ఖాళీ చేసి లేచి హ్యాండిల్ పట్టుకున్నాను. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. షెడ్డు మీద బల్బు వెలిగింది, పిల్లలు కేకలు వేశారు. తిరుగు ఓడ వచ్చేదాకా అక్కడే ఉండి, అడిగినా అడక్కపోయినా తింటూ, మోకాలి లోతు ఎక్కడిదాకా ఉందో ముందు కర్రతో చూసుకుని మరీ ఆ ఫిరోజా నీళ్లలో మునిగాను. పర్మనెంటు అయింది. ఇంటికొచ్చిన పూట అమ్మ "బువ్వ తింటవా బిడ్డా" అనగానే, దీవిలో నేర్చుకున్న పాఠం ప్రకారం "పెట్టు" అన్నాను. జ్వరమేమోనని ఆమె నా నుదురు ముట్టుకుని చూసింది. అదే సాయంత్రం పక్కింటి ఖాలా సేమ్యా గిన్నె పట్టుకుని అడిగితే మాత్రం, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి నక్కో వచ్చేసింది. ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ నక్కో. "చుప్ బైఠ్, బడా ఆయా" అని భుజం నొక్కి కూర్చోబెట్టింది. నోరు మూసుకుని కూర్చో, పెద్ద మర్యాదస్థుడివి వచ్చావు అని. అప్పుడు నాకు ఎందుకో చాలా సుఖంగా అనిపించింది. వద్దన్నా వదలని మనిషి ఎదురుగా ఉందన్న ధీమాతోనే మేమంతా అన్నేళ్లు వద్దంటూ బతికామని ఆ సేమ్యా తింటుంటే తెలిసింది.

ఇప్పుడు మేము జల్‌పల్లి వైపు కొత్త కాలనీలో ఉంటున్నాం. మా కోడలు గుంటూరు వైపు పిల్ల, ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు దించుతూనే "మావయ్యగారూ, టీ తాగుతారా?" అని అడుగుతుంది. నేను "వద్దమ్మా" అంటాను. చాలా మంచి పిల్ల, నా మాట నమ్ముతుంది. నమ్మి లోపలికి వెళ్లిపోతుంది. నేను వంటింటి వైపు చూస్తూ కాసేపు కూర్చుంటాను, పేపరు తిరగేస్తాను, ఒకసారి దగ్గుతాను కూడా. మా ఆవిడ ఇదంతా చూసి నవ్వుకుంటుంది గానీ కోడలికి చెప్పదు, నేనూ చెప్పను. నిన్న సాయంత్రం మాత్రం నేనే లేచి వెళ్లి స్టవ్ వెలిగించాను. రెండు కప్పులు పోసి ఒకటి తెచ్చి కోడలి ముందు పెట్టాను. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆఫీసులో ఏదో చికాకు పడి వచ్చినట్టుంది. "నాకొద్దు మావయ్యగారూ" అంది. తాగమ్మా అన్నాను. "నిజంగా వద్దండీ" అంది. అక్కడితో నమ్మి వచ్చేసేవాణ్ణే. కానీ ఆ మొహం చూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఇంకోసారి అడిగాను. ఆ పిల్ల నా వంక చూసి, కప్పు తీసుకుంది.