గడియారం పిన్ని ఆగే చోటు

మా డాన్సు స్కూల్లో పియానో వాయించే ఆవిడను అందరూ గడియారం పిన్ని అంటారు. ఆ పేరు ఒక రకంగా ఆవిడ తెచ్చుకున్నదే. "ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్నా, తాళంలో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయిందా?" అని కనిపించినవాళ్లనల్లా అడిగితే జనం ఇంకేమని పిలుస్తారు? నేను అదే హాల్లో ఓ మూల కూర్చుని పిల్లల గౌన్లకు కుచ్చులు కుడతాను. ఆవిడ గొప్పలు నాకు కంఠతా వచ్చు.

శనివారం ప్రదర్శన ఉందనగా, సోమవారం పిన్ని బాత్రూంలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. టీచరు ఇంకెవరినైనా పిలుద్దామంటే ఒప్పుకుంటుందా? "నా పాట ఇంకొకళ్ల చేతికా! కంప్యూటరే వాయిస్తుంది, నేను చెబుతాగా" అని పిండికట్టుతోనే వచ్చి కూర్చుంది.

మర్నాడు పిన్ని అల్లుడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆవిడ పాత కాగితాలు చూసి చెబుతుంటే పాపం ఒక్కో స్వరం ఎక్కించాడు.

"వేగం ఎంత పెట్టమంటారు అత్తయ్యా?"

"నిమిషానికి తొంభై దెబ్బలు. మొదలు నుంచి చివరిదాకా అదే. మధ్యలో ఆగి కబుర్లు చెప్పడానికి నేనేమన్నా మీ మామయ్యనా?"

బుధవారం పాట పెట్టారు. పాటను కొన్నేసి దెబ్బల గళ్లుగా రాస్తారు; పన్నెండో గడి దగ్గర పిల్లలు గిర్రున తిరగాలి. వాళ్లు తిరిగేలోపే పాట ముందుకెళ్లిపోయింది. ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. మూడుసార్లు పెట్టినా అదే తంతు.

"కంప్యూటరు పరిగెడుతోంది," అంది పిన్ని.

"అది సరిగ్గానే ఉంది పిన్నిగారూ," అంది టీచరు, కాస్త భయంగానే. "అక్కడ మీరే నెమ్మదించేవారు. పిల్లలు తిరిగేదాకా."

"నేనా!"

పిన్ని నావైపు చూసింది, సాక్ష్యం చెబుతాననుకుని.

"మీ పాటకే కదా పిన్నీ నేను కుట్టుమిషను తొక్కేది," అన్నాను. "అక్కడికొచ్చేసరికి నా కాలు కూడా నెమ్మదిస్తుంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. కట్టు గోక్కుంటూ, "అక్కడ 'నెమ్మదిగా' అని రాయి," అంది అల్లుడితో. రాశాడు. పాట మాత్రం పరుగు ఆపలేదు.

"రాశావా?"

"ఇదిగో, రాశానత్తయ్యా."

"మరి వినదేం? అచ్చం మా అమ్మాయిలాగే ఉందే!"

అల్లుడు వెతగ్గా వెతగ్గా తెలిసింది. ఉత్త అక్షరాలు మనుషులు చదువుకోవడానికట. కంప్యూటరుకైతే వేగం చెప్పే టెంపో గుర్తు పెట్టి, అంకె ఇవ్వాలట. ఎంతని ఇవ్వాలి? పిన్ని పాట లేకుండానే పిల్లల్ని తిరగమంది. వాళ్ల కాళ్లు చూస్తూ ఎడమచేత్తో బల్ల మీద తట్టింది. అల్లుడు వాచీ చూసి లెక్కపెట్టాడు. డెబ్బై రెండు.

ఈసారి అందరూ చక్కగా తిరిగారు. కానీ ఆ తర్వాత పాటంతా నిద్రలో నడిచినట్టు ఈడ్చుకుంటూ సాగింది. మళ్లీ తొంభైకి రమ్మని దానికి ఎవరు చెప్పారు? తిరగడం అయిపోయే పద్నాలుగో గడిలో తొంభై పెట్టాక గాడిన పడింది.

శనివారం ఒక్కళ్లు కూడా తడబడలేదు. తెర పడగానే అందరికంటే చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, కంప్యూటరు కూడా మాకోసం ఆగింది!"

నేను పిన్ని వైపు చూశాను, గడియారం పరువు ఏమవుతుందోనని.

"ఆగదుటే మరి?" అంది పిన్ని, పిండికట్టు గాల్లోకి ఎత్తి. "దానికి నేర్పిందెవరనుకున్నావ్!"

ఈ కొత్త గొప్ప ఇప్పటికి పాతికసార్లు విన్నాను.