సంబంధం కుదిరాకే కత్తి

యేసుదాసు తోటమాలే గానీ, యేసుదాసు చేతిలో కత్తి చూడాలంటే రాసిపెట్టి ఉండాలి. కొట్టిన కొమ్మ ఎక్కడికి వెళ్తుందో తేలేదాకా అతను కొమ్మ మీద చెయ్యి వెయ్యడు. తెనాలిలో నలభై ఇళ్ళకీ, మూడు అపార్టుమెంట్లకీ అతనే మొక్కల పని చూస్తాడు. ఎవరు ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "సంబంధం చూస్తున్నానండి. కుదరగానే కొట్టేస్తాను."

సంబంధమంటే మరేమీ కాదు, చెత్తకి సంబంధం. కొబ్బరి మట్టకి ఒక ఇల్లు, సుబాబుల్ రెమ్మకి ఒక ఇల్లు, కత్తిరించిన గడ్డికి ఇంకో ఇల్లు. ఏది ఎవరికి పనికొస్తుందో ఆరా తీసి, ఫోను చేసి, అవతలివాళ్ళు సరేనన్నాకే కత్తికి సాన పెడతాడు. "ఎక్కడికి పంపిస్తున్నామో చూసుకోకుండా అప్పగింతలు పెట్టేస్తామా సార్?" అంటాడు. జిల్లాలో ఉన్న పెళ్ళిళ్ళ పేరయ్యలందరూ కలిసినా అన్ని ఫోన్లు చెయ్యరు.

ఈ అలవాటు చలపతిరావు గారికి అరికాలి మంట నెత్తికెక్కించేది. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి నిరుడు రిటైరయ్యారు. ఇప్పుడు తాము ఉంటున్న అపార్టుమెంటుకి సెక్రటరీ. కాగితం వచ్చిన రోజే పని కదలాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన సర్వీసులో ఏ కాగితమూ అలా కదిలిన దాఖలా లేదు గానీ, ఆ సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

ఈసారి గొడవ కోనోకార్పస్ చెట్ల దగ్గర వచ్చింది. బిల్డరు సరదాపడి గోడ వెంట పద్దెనిమిది నాటి వెళ్ళిపోయాడు. అవి మూడంతస్తులు ఎదిగి, వేళ్ళతో డ్రైనేజీ గొట్టాల్లో దూరి కూర్చున్నాయి. తీసేయాలని అసోసియేషన్ తీర్మానించింది, మున్సిపాలిటీ అనుమతీ వచ్చింది. మూడు వారాలైంది. చెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏంటయ్యా యేసుదాసూ, ఈ చెట్ల సంగతి?"

"చూస్తున్నానండి. కోనోకార్పస్ కదండీ, ఎవరూ ముందుకు రావట్లేదు. మేకలకి కూడా చూపించాను. మూతి తిప్పేసుకున్నాయి."

"మేకలకి చూపించావా?"

"మరి చూపులు లేకుండా ఎలాగండి?"

చలపతిరావు గారు ఆ పూట బీపీ మాత్ర అరగంట ముందే వేసుకున్నారు.

ఆయన బాధ మరొకటి కూడా ఉంది. ఆరు నెలల క్రితం ఈ యేసుదాసే వచ్చి, చెవి వెనక గోక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, ఒక్క సాయం చెయ్యాలండి. అపార్టుమెంటు వెనక ఎండాకుల తొట్టి కట్టాను. ఆకు ఎరువవ్వాలంటే రోజూ తిప్పాలి, తేమ చూడాలి. నాకు అంత తెలివి లేదండి. నీళ్ళ సంగతి తెలిసిన పెద్దవాళ్ళు మీరే ఉన్నారు. మీరు చెయ్యెయ్యకపోతే మునిగిపోతాను" అన్నాడు. జాలిపడి ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి రోజూ ఆరింటికల్లా పార పట్టుకుని తొట్టి దగ్గర ఉండాల్సి వస్తోంది. వేడికీ తేమకీ ఒక నోటుపుస్తకం పెట్టారు. ఆకు తెచ్చే పిల్లల మీద కేకలేస్తారు, సలహాలడిగే ఆడవాళ్ళకి సలహాలిస్తారు. "వాడి చాకిరీ నా నెత్తిన పడింది" అని మెట్ల మీద ఎవరు కనిపించినా చెప్పుకుంటారు.

ఇలా ఉండగా రెండో అంతస్తు రాజ్ కుమార్ ఇంకో కాంట్రాక్టరును తీసుకొచ్చాడు. గంటలో కొట్టేసి, ఇంకో గంటలో లారీకెక్కిస్తానన్నాడతను. "ఎక్కడ పారబోస్తారు?" అని చలపతిరావు గారు అడిగితే, "అదంతా మీకెందుకు సార్" అన్నాడు.

రాజ్ కుమార్‌కి ఆ జవాబు తెగ నచ్చింది. "చూశారా, పనంటే అదీ. అయినా మన యేసుదాసు మాత్రం ఏ కాలువలో తోస్తున్నాడో ఎవరు చూశారు? ఆకు తగలబెడితే ఫైను, కాలువలో వేస్తే ఫైను, రోడ్డు మీద పెడితే ఫైను. పట్టుబడితే సెక్రటరీగా సంతకం మీది, ఫైను మనది" అన్నాడు.

యేసుదాసును మార్చాలా వద్దా అన్నది ఆదివారం సాయంత్రం మీటింగులో తేల్చాలనుకున్నారు. ఇక్కడ తీసేస్తే మిగతా రెండు అపార్టుమెంట్లూ అదే దారి పడతాయి. ఆ మాట చెవిన పడగానే యేసుదాసు మొహం వాడిపోయింది. "మీ ఇష్టం సార్" అన్నాడు.

సంతకం పెట్టేవాడు కళ్ళతో చూడాలి కదా! శుక్రవారం పొద్దున్నే చలపతిరావు గారు టోపీ పెట్టుకుని, మజ్జిగ సీసా పట్టుకుని, యేసుదాసు ట్రాలీ ఆటోలో పక్క సీటెక్కారు. వెనక కొబ్బరి మట్టలు, సుబాబుల్ కట్టలు, గాలికి విరిగి పడ్డ ఒక్క కోనోకార్పస్ కర్ర ఉన్నాయి. ఆ కర్రని తువ్వాలులో చుట్టి, మట్టల మీద ప్రత్యేకంగా పడుకోబెట్టాడు.

"గన్నేరు ఏదయ్యా? నిన్న కొట్టావుగా?"

"దాన్ని మీ తొట్టికి పంపేశానండి. పొరపాటున మేకల కట్టలో కలిస్తే వాటి ప్రాణానికే ముప్పు. అందుకే రెమ్మ రెమ్మా చూసి కడతాను."

మొదటి మజిలీ రేపల్లె. చర్చి వెనక సందులో సారమ్మ ఇల్లు. ఆటో ఆగగానే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి తమ్ముడూ, పోయిన వారమేగా తీసుకున్నాను? మళ్ళీ తెచ్చావా?"

యేసుదాసు చెవి వెనక గోక్కున్నాడు. "ఈ ఒక్కసారికి కాదనకక్కా. ఎక్కడ పెట్టుకోను? మున్సిపాలిటీ వాళ్ళు నా వెంట పడుతున్నారు. నువ్వే గట్టెక్కించాలి."

సారమ్మ నిట్టూర్చి, చలపతిరావు గారి వైపు తిరిగింది. "చూశారాండీ నా ఖర్మ! ఈయన మట్టలు ఇంకెవరూ ముట్టుకోరు. పోనీలే పాపమని నేనే తీసుకుంటాను. ఎల్లుండి మట్టలాదివారం, చర్చిలో పిల్లల చేతికిస్తాం. సోమవారం ఆ మట్టలే తెచ్చుకుని, ఈనెలు చీరి చీపుర్లు కడతాను. ఏం చేస్తాం, మనిషికి మనిషి సాయం."

"ఆదివారం మొదటి సంబంధం సార్, సోమవారం రెండోది" అని యేసుదాసు ఆటోలో గుసగుసగా వివరించాడు.

చెరుకుపల్లి దారిలో అంకారావు అనే ఆయన చేతికర్ర ఊతంతో నడుస్తూ వచ్చి సుబాబుల్ కట్టలు దింపించుకున్నాడు. యేసుదాసు మళ్ళీ చెవి గోక్కున్నాడు, మళ్ళీ బతిమాలాడు. అంకారావు నాలుగు మేకలూ కట్టల మీద పడుతుంటే, "నీకోసం కాబట్టి ఒప్పుకుంటున్నా యేసుదాసూ, మా మేకలకి తిండి లేక కాదు" అని గట్టిగా చెప్పాడు. మేకలు మాత్రం తలెత్తలేదు.

ఆటో కదలగానే చలపతిరావు గారు అందుకున్నారు. "నీ వెంట పడ్డ మున్సిపాలిటీ ఏదయ్యా? అన్నీ అబద్ధాలే! ఊరికే ఇస్తూ ఆ బతిమాలడమేంటి?"

యేసుదాసు నవ్వి గేరు మార్చాడు.

బాపట్ల దాటి సూర్యలంక చేరేసరికి మధ్యాహ్నమైంది. ధనమ్మ ఇసుకలో పట్టా పరిచి చేపలు ఎండబెడుతోంది. అరవై ఏళ్ళుంటాయి. మొన్నటి గాలికి ఆవిడ చేపల పందిరి కూలిపోయింది. అప్పటి నుంచి చేపలు నేల మీదే ఎండుతున్నాయి. ఇసుక అంటుతోందని కొనేవాళ్ళు పెదవి విరుస్తున్నారు.

యేసుదాసు తువ్వాలు విప్పి, కర్రని రెండు చేతుల్తో అందించాడు. చెవి గోక్కోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికేసి రుద్దుకున్నాడు.

"పెద్దమ్మా, ఇలాంటివి పద్దెనిమిది చెట్లున్నాయి. ఎవరూ తీసుకోవట్లేదు. ఈ ఆదివారంలోగా దారి చూపించకపోతే నా పనే పోతుంది."

ఈసారి చెప్పింది నిజమేనని చలపతిరావు గారికి తెలుసు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

ధనమ్మ కర్రని వంచి చూసింది. గోటితో బెరడు గీకి చూసింది. మోకాలికి వేసి నొక్కింది. "తిన్నగానే ఉంది. ఉప్పుగాలికి ఆగుతదా?"

"అదే తెలియట్లేదు. నువ్వు పందిరేసి, చూసి చెబితేనే నాకు తెలుస్తుంది."

"మూడు వారాల నుంచి ఫోను చేసి నస పెడుతున్నావు కదరా అబ్బాయా! సరేలే, తెచ్చి పడెయ్. నీ మొహం చూస్తే వద్దనబుద్ధి కావట్లేదు." తర్వాత చలపతిరావు గారితో, "మంచోడేనండి, ఒట్టి అమాయకుడు. మేం నలుగురం లేకపోతే ఎలా బతికేవాడో!" అంది.

తిరుగు దారిలో చలపతిరావు గారు టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. బాపట్ల దాటాక, "మూడు వారాలు ఈవిడ కోసం ఆగావా?" అన్నారు.

"అవునండి. పందిరి పడిపోయినప్పుడు ఊళ్ళో చేపలవాళ్ళ సంఘం సాయం చేస్తామంది. నాకెవరి సాయమూ వద్దని పంపేసింది. సారక్క కూడా అంతేనండి. వాళ్ళాయన పోయాక చీపుర్ల మీదే బతుకుతోంది. ఇస్తానంటే తలుపేసుకుంటుంది, సాయం చెయ్యమంటే తలుపు తీస్తుంది. నాకూ చెత్త పోతుంది, దాన్ని ఎత్తించే కిరాయి కలిసొస్తుంది. అబద్ధం మరీ పెద్దదేం కాదు కదండీ?"

చలపతిరావు గారు సీసా మూత తీసి, మిగిలిన మజ్జిగ తాగారు. ఆటో పొన్నూరు దాటింది. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, ఆరు నెలల కిందటి యేసుదాసు ఆయన కళ్ళముందుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క సాయం చెయ్యాలండి. మీరు చెయ్యెయ్యకపోతే మునిగిపోతాను. చెవి వెనక గోక్కుంటూ.

ఇంటికొచ్చి టోపీ కూడా తియ్యకుండా వంటింట్లోకి వెళ్ళారు. "కరుణా, నిజం చెప్పు. ఆ తొట్టికి మనిషి కావాలని యేసుదాసు నన్నడిగాడా, నాకు పని కావాలని నువ్వు యేసుదాసునడిగావా?"

కరుణ గారు గరిటె పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏం చెయ్యమంటారు? రిటైరయ్యాక మూడు నెలలు సోఫాలోంచి లేవలేదు. గడ్డం గీసుకోవడం మానేశారు. మొదట్లో నా పోపుకి వంకలైనా పెట్టేవారు, తర్వాత అదీ మానేశారు. అప్పుడు భయమేసింది. యేసుదాసు కొబ్బరిచెట్టెక్కితే ఈ కిటికీలోంచే అడిగాను, మా వారికేదైనా సంబంధముంటే చూడవయ్యా అని."

"ఏమన్నాడు?"

"వారంలో కుదిర్చేశాడు. మీరు మరీ కోనోకార్పస్ అంత కష్టం కాలేదని మొన్ననే అన్నాడు."

ఆదివారం మీటింగులో రాజ్ కుమార్ లేచి అరగంట మాట్లాడాడు. ఆఖరికి అందరూ సెక్రటరీ వైపు చూశారు. చలపతిరావు గారు నోటుపుస్తకం తెరిచి, ఏ ఆకు ఎవరింటికి వెళ్తోందో, తాను చూసినంత చదివారు. చదివి, "యేసుదాసును తీసేస్తే తొట్టి సంగతేంటి?" అన్నారు.

"తొట్టి చూసేది మీరే కదా సార్?" అన్నాడు రాజ్ కుమార్ అర్థంకాక.

"అదేనయ్యా నేననేది. అతను పోతే నేనెవరికి సాయం చెయ్యాలి?"

సోమవారం ఆరింటికల్లా యేసుదాసు చేతిలో కత్తి కనపడింది. కొట్టిన కర్రలు సూర్యలంకకి ఒక వరస, ఆకు తొట్టికి ఒక కుప్పగా పడుతున్నాయి. చలపతిరావు గారు పార పట్టుకుని, ఇంత ఆకు ఒక్కసారే తోస్తే తేమ ఎలా కుదురుతుందని పిట్టగోడ అదిరేలా కేకలేస్తున్నారు.

యేసుదాసు చెట్టు మీంచే చెవి వెనక గోక్కున్నాడు. "మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణి సార్!"

"తెలుసులేవయ్యా, చేస్తున్నాగా" అన్నారు చలపతిరావు గారు విసుగ్గా, తలొంచుకుని నవ్వు దాచుకుంటూ.