సముద్రం దగ్గర నేను, గుహలో ఆయన

అప్పట్లో మా గోదావరిఖనిలో యాత్ర అంటే వేములవాడ పోయి మొక్కు తీర్చుకుని రావడమే. ఊరికే చూడ్డానికి పోతున్నామంటే, చూడ్డానికి ఏముందని అడిగేవాళ్లు. కొత్తగా పెళ్లయిన ఆలుమగలు ఇద్దరే రైలెక్కడం ఇంకా పెద్ద వింత. అందుకే డెబ్భైల్లో, నా పెళ్లయిన మొదటి చలికాలం, మేము వాల్తేరు బయలుదేరితే మా ఆయన బాబాయి, మా చిన్నమామ తోడు వచ్చాడు (రామగుండం నుంచి బెజవాడ దాకా ఆయన ట్రంకు పెట్టె మా ఇద్దరి మధ్యనే కూర్చుంది).

ఆ ప్రయాణానికి కారణం నా పంతం. నేను మంచిర్యాల అవతలి పల్లె పిల్లను. మా ఆయనా, చిన్నమామా బొగ్గుబాయిలో దిగి పనిచేసేవాళ్లు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మా ఆయన డ్యూటీకి పోయిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. మా నాయన పొలం ఇస్తాను, వచ్చి చేసుకొమ్మన్నాడు. "బాయి పని ఇడిసిపెట్టు. లేకుంటే నేను మా అమ్మోళ్లింట్లనే ఉంట" అని తెగేసి చెప్పాను. మా ఆయన "సముద్రం జూడాలంటివి గద. ముందుగాల జూసొద్దాం. వచ్చినంక నువ్వేమంటే గదే" అన్నాడు. సగం గెలిచేశాననుకుని చీరలు సర్దుకున్నాను.

సముద్రం చూడగానే నేను చెప్పులు విడిచి నీళ్లలోకి పరుగెత్తాను. ఆ బాబాయీ కొడుకులిద్దరూ మాత్రం ఇసుకలోనే ఆగిపోయారు. బాయిలో నీళ్లు కనిపిస్తే నిలబడి చూస్తూ ఉండరట, పైకి ఎక్కేస్తారట. ఇంతలో ఒక పెద్ద అల లేచింది. "నీళ్లొస్తున్నయ్, పైకి నడువుండ్రి" అంటూ చిన్నమామ పంచె ఎగగట్టి రోడ్డు వైపు పరుగు తీశాడు. వెనకే మా ఆయన. వాళ్లను చూసి శనగలమ్మే ఆయన బుట్ట నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు, ఆయన్ని చూసి ఇంకో రెండు కుటుంబాలు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఇంత పిరికివాళ్లా రోజూ బాయిలో దిగేది అనుకున్నాను.

మర్నాడు బొర్రా గుహలకు కొండల మీది రైలెక్కాం. ఇసుక, ఉప్పుగాలి పోయి అడవి, లోయలు, చలి. సొరంగం వచ్చినప్పుడల్లా నేను కళ్లు మూసుకుంటే, చిన్నమామ ఇంటికొచ్చినట్టు హాయిగా కునుకు తీశాడు. గుహ దగ్గర ఆ కొండల మనిషి ఒకాయన కాగడా పట్టుకుని మమ్మల్నీ ఇంకో పదిమందినీ లోపలికి నడిపించాడు. ఇది శివలింగం, ఇది ఆవు పొదుగు అని రాళ్లు చూపిస్తున్నాడు. చిన్నమామ బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. ఆయన శివుణ్ణి చూడలేదు, కప్పునే చూశాడు. "ఒక్క దుంగ గూడ లేదేందయ్యా" అన్నాడు.

"ఇది వేల ఏళ్ల నుంచి ఇలాగే ఉంది తాతా" అన్నాడు కాగడా ఆయన.

"గందుకే నాకు భయం" అని చిన్నమామ కప్పు కిందికి దిగిన చోట చేతికర్రతో కొట్టి, బోలుగా మోగుతుందేమోనని చెవి పెట్టి విన్నాడు. రెండడుగులు వేశాడు, మళ్లీ కొట్టాడు. మా ఆయనా అంతే. వెనకవాళ్లు విసుక్కున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి కాగడా, జనం మమ్మల్ని దాటుకుని పోయారు. మలుపు తిరగ్గానే వెలుగు కూడా పోయింది.

అలాంటి చీకటి నేను అంతకుముందు ఎరుగను. నా చెయ్యి నాకే కనపడలేదు. మా ఆయన నా మణికట్టు పట్టుకుని, "ఫికర్ చెయ్యకు. మొఖానికి గాలి తగులుతుంది జూడు. గా దిక్కే పోవాలె" అన్నాడు. ఆయనా, చిన్నమామా కప్పు కొడుతూ, వింటూ, నన్ను నెమ్మదిగా నడిపించారు.

"బాయిల గూడ రోజు గిట్లనే కొట్టి చూస్తరా?" అని అడిగాను.

"చూడకుండ ఎట్ల? భయముండదా మరి" అన్నాడు మా ఆయన.

అన్నాళ్లూ ఈయనకు భయం లేదేమోనని నేను భయపడ్డాను. భయపడుతూ, చూసుకుంటూ అడుగేస్తాడని ఆ చీకట్లో తెలిసింది. ప్రాణం కుదుటపడింది. బయట వెలుతురులోకి వచ్చాక చిన్నమామ వైపు చూసి నవ్వలేకపోయాను.

ఊరికి రాగానే మా నాయనతో, "పొలం కౌలుకిచ్చుకో నాయినా. మేము గోదావరిఖనిలనే ఉంటం" అన్నాను. అంత ధీమాగా చెప్పి, మా ఆయన మళ్లీ పొద్దుటి షిఫ్టుకు పోయిన రోజు మధ్యాహ్నం దాకా గడపలోనే కూర్చున్నాను. మసి మొహంతో రాగానే, అన్నం సంగతి అడక్కుండా, "కొట్టి చూసినవా?" అన్నాను. "చూసిన" అన్నాడు. ఆయన రిటైరయ్యే దాకా అదే నా ప్రశ్న, అదే ఆయన జవాబు. ఒకరోజు మాత్రం నాకు జ్వరం వచ్చి పడుకుని ఉన్నాను. ఆయన వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడ్డాడు. ఎంతసేపటికీ లోపలికి రాడు. ఏందని చూస్తే, "ఇయ్యాల అడుగవా?" అన్నాడు.