కుర్చీ వేసిన మొదటి ఇల్లు

మెదక్‌లో మా ఇల్లు అమ్ముడుపోయాక అందులోని సామాను నేనే ఖాళీ చేశాను. పదకొండు గదులు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని అడగడానికి ఎవరూ లేరు. ఏడుపు రాలేదు. మూడో గదికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే పనిచేశాయి. వేరే పనేదీ నేర్చుకోలేదు కాబట్టి, ఇళ్లు సర్దిపెట్టడమే బతుకుతెరువు చేసుకున్నాను.

మొదట పిలిచింది ఖిల్లా కింది బస్తీలో ఒక కోడలు. సాయంత్రానికి ఇల్లు ఒక దారికొస్తే ఎల్దుర్తిలో ఉన్న వాళ్లక్కకు కూడా చెబుతానంది. రాకపోతే నాకు రెండో ఇల్లు లేదు.

ఆమె అత్త నన్ను చూడగానే గుర్తుపట్టింది. శంకరంపేట దగ్గర మా భూముల్లో పనిచేసిన కుటుంబం వాళ్లది. వెనక గదిలోంచి చేతుల కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, హాలు మధ్యలో వేసింది.

"కూసోండ్రి దొరసానీ. మీరు చూపియ్యుండ్రి, మేం తీస్తం."

కూర్చున్నాను. వీపు ఆనించలేదు, మా ఇంట్లో అలా కూర్చోవడమే నేర్పారు. చాయ్ వచ్చింది. సజ్జ మీది స్టీలు బోళ్లు, పాత చీరల మూటలు దిగి కుర్చీ చుట్టూ చేరాయి. నేను ఏది ముట్టబోయినా ముసలామె ముందే లాక్కుంది. నేను తీసెయ్యమన్నదానికల్లా తలూపి, దాన్ని మళ్లీ మొదటి చోటే పెట్టింది. మధ్యాహ్నం దాటింది.

"అత్తమ్మా, ఆమె వచ్చిందే పనికి. గిట్ల చాయ్ పోసి కూసోవెడితే పొద్దుగూకేదాంక గా కుర్చీ ఒక్కటే సర్దినట్టయితది," అంది కోడలు.

"నువ్వూకో. ఆమె తాత వస్తే మా మామ చెప్పులు చేతుల వట్టుకొని నిలవడేటోడు."

"గా చెప్పులు గూడ సజ్జ మీదనే ఉన్నయేమో చూడు."

నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కూర్చుంటే ఈ ఇల్లు పూర్తికాదని మాత్రం అర్థమైంది. చాయ్ కప్పు కుర్చీలో పెట్టి లేచాను.

"దీంట్ల ఎవరు కూసుంటరు?" అని ముసలామెను అడిగాను.

"ఎవ్వరం కూసోం. మీ తాత వచ్చినప్పుడు కూసున్నరు. మళ్ల మీ ఇంటోళ్లు వస్తరని దాసిన."

నా పనికి నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు. ఆ మాటే చెప్పాను.

"కూసునేటందుకు నేను మళ్ల రాను, అవ్వా. మీరు సరేనంటే తీసేస్త."

పనివాళ్లనెవర్నీ మా ఇంట్లో 'అవ్వా' అని పిలిచి ఎరగం. ఆమె కుర్చీలోని కప్పు తీసి చేత్తో పట్టుకుని, పక్కకు జరిగింది. కుర్చీ నేనే ఎత్తి, గేటు పక్కన, ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిన సామాన్ల దగ్గర పెట్టాను.

తిరిగి వచ్చేసరికి ఆమె బోళ్ల సంచి ఒక కొస పట్టుకుని నిలబడి ఉంది.

"జర అటు పట్టమ్మా," అంది.

పట్టాను.

దీపాలు పెట్టే వేళకు హాలులో నేల కనిపించింది. కోడలు వాకిట్లో ఫోన్‌లో అక్కతో చెబుతోంది. "మస్తు చేసిందక్కా. లే, దొరసాని గిట్ల ఏం లేదు. అన్నీ ఆమెనే మోస్తది."

ఎప్పుడు రావాలో కనుక్కోమని సైగ చేశాను.