జేబులో శనగలు

మొయినాబాద్‌లో గుర్రాల దవాఖాన నడిపిన మా మేడం మొన్న మంగళవారం పోయారు. ఆమె దగ్గర ఏడేళ్లు పని నేర్చుకున్నాను. మర్నాడు ఆ వార్త చెప్పడానికి చేవెళ్ల వెళ్లాను, పెళ్లి బారాత్‌లకు గుర్రాలను కిరాయికిచ్చే ఆయన దగ్గరికి. ఆయన్ని మేమంతా అన్న అనే పిలుస్తాం.

హైటెక్ సిటీ ఉద్యోగాలు వచ్చాక ఇటువైపు పెళ్లిళ్ల జోరు పెరిగింది. పెళ్లికొడుకు ఎక్కేది ఆడగుర్రమే కావాలంటారు. కొన్నేళ్ల కిందట అన్న కొన్న రాణి చూడముచ్చటైన తెల్ల గుర్రం. మరో ఆడగుర్రం కనబడితే మాత్రం పోతుగుర్రంలా సకిలిస్తూ మీదికి ఎగబడేది. ఒకసారి పెళ్లికొడుకే కిందపడబోయాడు. "దీనికేదో గాలి సోకింది మేడం. ఎవలకన్న ఇచ్చేస్త," అన్నాడు అన్న, దాని మెడ మీంచి చెయ్యి తీయకుండానే.

మేడం రక్తపరీక్ష, స్కాన్ చేశారు. బయటికి ఆడగుర్రమే, కడుపులో వృషణాలున్నాయి. "గాలి గాదు, పుట్టుకే గట్ల. దాని తప్పేమున్నది? తీసేస్తే నిమ్మళమైతది," అన్నారు. గుర్రాన్ని పడుకోబెట్టకుండా, డొక్కలో మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీస్తారు. ఆ విద్య కోసం ఆమె యాభై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థి అయ్యారు.

ముందురోజు నుంచి మేత పెట్టొద్దన్నారు. అన్న గడ్డి పెట్టలేదు. కానీ వాళ్లింట్లో శనగలు, బెల్లం తినిపించకుండా ఏ గుర్రాన్నీ గడప దాటించరు. ఆపరేషన్ కదా అని ఆ పొద్దున తవ్వెడు పెట్టాడు. నేను కసిరాను. మేడం కసరలేదు.

"కడుపు నిండితే కెమెరాకు ఏం గానరాదు. ఎల్లుండి జేద్దాం. శనగలు నా చేతికియ్యి, అయినంక నేనే పెడ్త."

రెండోసారి వచ్చినప్పుడు, ఆ శనగలు కోటు జేబులో పోసుకున్నాకే మేడం ఆపరేషన్ మొదలుపెట్టారు. రాణి మత్తులో తల వేలాడేసి నిలబడే ఉంది. నేను కెమెరా పట్టుకున్నాను, మేడం వృషణాలు తీశారు.

"ఇగ దీన్ని రాణి అనాల్నా, రాజా అనాల్నా?" అని అడిగాడు అన్న.

"ఏ పేరుకు చెవులు నిక్కపొడుస్తదో గదే దాని పేరు."

కొన్ని నెలలకు రాణి బారాత్‌లో మరో ఆడగుర్రం పక్కనే నిదానంగా నడిచింది. నేనూ మేడమూ రోడ్డు పక్కన నిలబడి చూశాం. డాక్టరు పట్టా అందుకున్న రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

వార్త విని అన్న కొట్టం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నా బిడ్డను నాకు మిగిల్చిన తల్లి," అన్నాడు. ఇంతలో రాణి వచ్చి నా కోటు జేబులో మూతి పెట్టింది. మేడం దగ్గర అబ్బిన అలవాటు, జేబులో గుప్పెడు శనగలున్నాయి. అరచేతిలో పెట్టాను. తొందరపడకుండా, ఒక్కొక్కటే ఏరుకుని తింది.