అవ్వ వాకిలికి బండలు

చొప్పదండి దగ్గరి మా ఇంటి వాకిలి ఇరవై రెండడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు. వాన పడితే అంతా బురద. నిరుడు ఆ బురదలోనే అవ్వ జారిపడింది. తుంటికి ప్లేటు వేసిన డాక్టరు, ఇంకోసారి పడితే మళ్లీ నడుస్తుందని చెప్పలేనన్నాడు. అందుకే బండలు పరిపించాలనుకున్నాను.

లెక్క చూడనిదే నేను ఏ పనికీ దిగను. గరుకు షాబాదు బండ ఒకటి, నున్నటి గ్రానైటు ఒకటి, రెండూ రెండేసి అడుగులవి, తెచ్చాను. వాటిని తడిపి, పైన చెప్పు పెట్టి, చెప్పు మీద ఐదు కిలోల బియ్యం మూట పెట్టి, బండను ఒక కొసన కొద్దికొద్దిగా ఎత్తాను. షాబాదు మీద పద్నాలుగు అంగుళాల ఎత్తులో చెప్పు జారింది. గ్రానైటు మీద తొమ్మిదిలో. మా వాకిలి వాలు ఈ కొస నుంచి ఆ కొసకు రెండు అంగుళాలే. దానికి తొమ్మిది ధారాళంగా చాలనుకున్నాను. ఊడ్వడం సులువని నా భార్య కూడా నున్నదే కావాలంది.

గ్రానైటుతో ట్రాక్టరు వచ్చింది. దించబోతుంటే అవ్వ చేతికర్రతో గడప దాటింది.

"జర ఆగుండ్రి. ముందుగాల గా ఒక్క బండ కింద పెట్టుండ్రి."

"ఇంకో రెండు లోడులున్నయ్ అవ్వా," అన్నాడు డ్రైవరు.

"ఉంటయ్ బిడ్డా. నాకు మంచి తుంటి ఒక్కటే ఉన్నది."

బండ కింద పెట్టారు. అవ్వ బకెట్లో పేడనీళ్లు కలిపి, రోజూ వాకిట్లో చల్లినట్టే దాని మీద సాన్పి చల్లింది. తర్వాత చెప్పులు విడిచింది.

అప్పటిదాకా నాకు తట్టనేలేదు. సాన్పి చల్లేటప్పుడు మా ఇళ్లలో ఎవరూ చెప్పులు వేసుకోరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నేనేమో చెప్పును పరీక్షించాను, అదీ మంచినీళ్లతో.

"నేను ఎక్కి చూస్త అవ్వా. నువ్వు వద్దు."

"నీ కాలూ నా కాలూ ఒక్కటేనారా? పట్టుకో."

కర్ర వదిలి నా రెండు చేతులూ పట్టుకుంది. కుడికాలు మోపింది. ఎడమకాలు ఎత్తగానే కుడి మడమ చప్పుడు లేకుండా ముందుకు జారింది. ఆమె బరువంతా నా చేతుల మీద పడింది. నా భార్య కేక పెట్టింది. డ్రైవరు ఉరికొచ్చి వెనుక నుంచి ఆపాడు. అవ్వ గోళ్లు నా ముంజేతిలో దిగాయి.

"ఇగ చాలు, కూసో," అన్నాను.

"గరుకుది తే."

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

"ఇయ్యాల నువ్వున్నవ్, పట్టుకున్నవ్. నువ్వు లేని పొద్దు ఎవలు పట్టుకుంటరు?"

గోడవారనున్న షాబాదు బండ తెచ్చి పరిచాను. దాని మీదా సాన్పి చల్లి ఎక్కింది. ఒక కాలు. రెండో కాలు. మడమతో గట్టిగా రాసి చూసింది. కదల్లేదు.

"చేతులిడువు," అంది.

నేను విడవలేదు. ఆమే నా వేళ్లు ఒక్కొక్కటి విడదీసింది. బండ మీద ఒక్కతే నిలబడి డ్రైవరు వైపు తిరిగింది.

"నీ లోడు వాపస్ కొండవో బిడ్డా. గిసొంటియి తే."

డ్రైవరు నా వైపు చూశాడు. తల ఊపాను. ఆమె బండ దిగి కర్ర అందుకునేదాకా నేను చేతులు చాచే ఉన్నాను.